ముసురులో మడి చూసి రావడం

ముసురు పట్టిన మూడో రోజుకు బీర్కూర్‌లో ఎవరిని పలకరించినా ఒకటే జవాబు: "ఏం తోస్తలేదు." నాట్లు అయిపోయాయి. కలుపుకు టైముంది. ఎరువు చల్లుదామంటే వాన తెరిపివ్వదు. అప్పు లెక్కలు, దుబాయిలో ఉన్న కొడుకు, పెండ్లి కాని బిడ్డ... చేతిలో పని లేని రోజే ఇవన్నీ వరుస కట్టి ముందుకొస్తాయి. మనిషి మంచం దిగడు. ఇంట్లోవాళ్లు బద్ధకమంటారు, లేదా మనాది పెట్టుకున్నడంటారు. ఆడవాళ్లకైతే ఆ మంచం కూడా దక్కదు, గిన్నెలు తోముతూనే కుంగిపోతారు.

కాలంతో పాటు వచ్చిపోయే ఈ కుంగుబాటును 1984లో అమెరికాలో నార్మన్ రోసెంథాల్ బృందం జబ్బుగా వర్ణించింది. వాళ్లు చూసింది చలికాలపు చీకటిని. డిసెంబరులో ఓస్లో నగరంలో పగలు 6 గంటలే. మనకు ఎంత తగ్గినా 11 గంటలుంటుంది. ఇక్కడ వెలుగు తగ్గడం కంటే పని ఆగిపోవడమే మనిషిని ఎక్కువ దిగలాగుతుందని నా అనుమానం.

పాతకాలపు రైతులు ముసురులోనూ యూరియా సంచి నెత్తిన కప్పుకుని, పార భుజాన వేసుకుని "మడి చూసొస్త" అని బయల్దేరుతారు. చూడటానికి అక్కడేమీ ఉండదు. మడవ దగ్గర రెండు పారల మట్టి తీసి, మళ్లీ వేసి, నిజాంసాగర్ ఎంత నిండిందో పక్క పొలమాయనతో మాట్లాడి, తడిసి ఇంటికొస్తారు. వచ్చి కడుపునిండా తింటారు. మనసు కుదుటపడ్డాక లేద్దామని కూర్చుంటే అది కుదుటపడదు. కాళ్లు కదిలితే ఆలస్యంగానైనా వెంట వస్తుంది. ఉత్సాహం కోసం ఆగకుండా చిన్న పనేదో వేళకు చెయ్యమని మానసిక వైద్యులు చెప్పేదీ ఇదే. పైగా మబ్బు పట్టిన పగలైనా ఆరుబయటి వెలుగు ఇంట్లో ట్యూబులైటుకు ఎన్నో రెట్లు.

ఇంకో దారి కల్లు దుకాణానికి. నీతులు చెప్పను. 2025 ఏప్రిల్‌లో బీర్కూర్, నస్రుల్లాబాద్ మండలాల్లో కల్తీ కల్లు తాగి పదుల మంది ఆస్పత్రి పాలయ్యారు. మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటైన ఒళ్లు, అది ఒక్కసారిగా దొరకకపోతే వణికిపోతుంది. ముసురు వెలిసినా ఆ బాధ వెలవదు.

"పని చేసుకుంటే అదే పోతది" అనే పెద్దలతో మాత్రం నాకు పేచీ ఉంది. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి తిరిగి రాకపోతే, ఇష్టమైనవి కూడా రుచించకపోతే డాక్టరుకు చూపించాల్సిందే. లేవలేనివాణ్ణి లేవమని గద్దిస్తే, తానెందుకూ పనికిరానన్న ఊహే వాడిలో గట్టిపడుతుంది. ఇక చచ్చిపోవాలన్న మాట నోట వస్తే ఆ రెండు వారాలు కూడా ఆగొద్దు. పక్కన కూర్చోండి, ఒంటరిగా వదలకండి, 14416కు ఫోన్ చెయ్యండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరది. పైసా ఖర్చుండదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.