చెంపలమీద వాతలు



గతమాసమున ఒక సంగతి మా యొద్దకు వచ్చెను. చెరసాలలో శిక్ష అనుభవించి వచ్చిన ఒక వడ్రంగి, మన మందిరమునకు ప్రభువు బల్లను కూలి లేకుండ చేసి యిచ్చెదననెను. పెద్దలలో కొందరు సరేయనిరి. మరికొందరు, "అయ్యగారూ, ఆ చేతులు చేసిన బల్లమీద రొట్టె యెట్లు విరుచుదురు?" అనిరి. మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఆ రాత్రి, సెమినరీ దినములలో ఒక పుస్తకమందు చూచిన కొయ్య ప్రతిమ జ్ఞాపకమునకు వచ్చెను.

జర్మనీ దేశమందు మ్యూన్నర్‌స్టాట్ అను చిన్న పట్టణము కలదు. అచ్చటి దేవాలయము కొరకు టిల్మన్ రీమెన్‌ష్నైడర్ అను శిల్పి 1490లో పని యొప్పుకొని, 1492 నాటికి మగ్దలేనే మరియ ప్రతిమను మెత్తని లిండెను కొయ్యతో చెక్కెను. మనిషి యెత్తున నిలిచిన ఆమెను దేవదూతలు పైకెత్తుచున్నారు. ఆమె ఒడలంతయు వెండ్రుకలతో కప్పబడియున్నది. ఆమె అరణ్యములో తపస్సు చేయగా బట్టలు శిథిలమై వెండ్రుకలే వస్త్రమాయెనని నాటివారు చెప్పుకొనెడి కథ. సువార్తలలో ఆ మాట లేదు. ఆమె వేశ్యయనియు లేదు. లూకా 7వ అధ్యాయములోని పేరులేని స్త్రీని ఈమెతో కలిపివేసిరి. ఏడు దయ్యములు వదలిపోయిన స్త్రీ యనియు, లేచిన ప్రభువును చూచినదనియు మనమెరుగుదుము. ఒకమారు పడిన మచ్చ ఎంతకాలము నిలుచునో చూడుడి!

మనము ప్రతిమలకు మ్రొక్కువారము కాము. అయినను ఈ ప్రతిమ సంగతి ఇంకను కొంత కలదు.

ఆ దినములలో కొయ్య ప్రతిమలకు రంగులు, బంగారు పూత వేయుట వాడుక. రీమెన్‌ష్నైడర్ అట్లు చేయక, కొయ్యను కొయ్యగానే విడిచెను. పండ్రెండేండ్లు గడచిన పిమ్మట రంగు వేయుటకు ఊరివారు ఫైట్ స్టోస్ అను వానికి పని యిచ్చిరి. ఇతడు గొప్ప శిల్పి, న్యూరెంబర్గు వాడు. ఒక వర్తకుని మాటపై పెట్టిన సొమ్ము పోగా, దానిని రాబట్టుకొనుటకు ఆ వర్తకుని దొంగ సంతకము, దొంగ ముద్రలతో పత్రము పుట్టించెను. నేరము బయటపడగా, 1503లో కాల్చిన యినుముతో అతని రెండు చెంపలకు వాతలు పెట్టిరి. ఊరు విడువరాదన్న ఆజ్ఞ మీరి మ్యూన్నర్‌స్టాట్‌కు పారిపోయి వచ్చెను.

చేతి మచ్చను అంగీలో దాచుకొనవచ్చును. చెంప నెక్కడ దాచుకొనును? సంతలోను గుడిలోను ప్రతివాడు చూచియే యుండును. అయినను ఆ ఊరు తన దేవాలయపు పరిశుద్ధురాలిని అతని చేతికి అప్పగించెను. అతని అల్లుడు అక్కడ కాపురముండెను గనుక సిఫారసు జరిగెనేమో! సిఫారసుతోనైనను మేలు జరుగవచ్చును గదా.

స్టోస్ పశ్చాత్తాపపడి దీనుడాయెనని చెప్పగలిగినయెడల మా పని సులువగును. అట్లు చెప్పలేము. 1506లో చక్రవర్తి మాక్సిమిలియన్ క్షమాపత్రమిచ్చిన పిమ్మటను అతడు తగవులాడుచునే యుండెను. పురపెద్దలు అతనితో విసిగిరి. అదే న్యూరెంబర్గులో 1518 నాటికి సెయింట్ లోరెంజ్ దేవాలయమునకు మరియకు దూత శుభవర్తమానము చెప్పు ప్రతిమను అతడే చెక్కి యిచ్చెను. అది నేటికిని అచ్చట వ్రేలాడుచున్నది.

దొంగిలువాడు ఇకమీదట తన చేతులతో పనిచేయవలెనని పౌలు ఎఫెసీయులకు వ్రాసెను. పని చేయుమనుట సులువే. మన యింట చేయనిచ్చుట కష్టము. ఆ వడ్రంగి కన్నీరు కార్చినచో నమ్ముదుమని మేమును మనస్సులో అనుకొంటిమి. అతడు కన్నీరు కార్చలేదు. కొలత మాత్రమే అడిగెను.

నిన్న అతనిని పిలిపించితిమి. టేకు వలెనా, వేప చాలునా అనెను. వేప చాలుననంటిమి. రంగు సంగతి పెద్దల నింకను అడుగవలసి యున్నది.