శరణు, సాక్ష్యం, కెమెరా

శరణార్థుల కొత్త జీవితాలపై తీసే డాక్యుమెంటరీ, అంటే నటులతో కాక అసలు మనుషులతోనే వారి బతుకును చూపే చలనచిత్రం, ధర్మచింతనలోని ఒక పాత చిక్కును మళ్లీ ముందుకు తెస్తుంది: ఆశ్రయం కోరినవాడు అందుకు మూల్యంగా తన కథ చెప్పి తీరాలా?

హైదరాబాద్‌లోని అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల్లో ఈ ప్రశ్న సౌమ్యరూపంలో కనిపిస్తుంది. మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకుని విదేశాలకు వెళ్లదలచిన యువత వీసా ఇంటర్వ్యూలో తమ చదువునూ ఆర్థిక స్తోమతనూ ఉద్దేశాన్నీ అధికారి నమ్మేలా చెప్పుకోవాలి. వీసా రాకపోయినా వారికి తిరిగి వెళ్లడానికి ఊరూ ఇల్లూ ఉంటాయి. ఇదే నగరపు దక్షిణ అంచున, బాలాపూర్ పరిసరాల్లో, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చి తలదాచుకున్న రోహింగ్యాలకు ఆ వెసులుబాటు లేదు. మయన్మార్ 1982లో చేసిన పౌరసత్వ చట్టం వారిని ఏ దేశానికీ చెందనివారిగా మిగిల్చింది. శరణార్థుల రక్షణకు ఉద్దేశించిన 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందంలో భారతదేశం చేరలేదు గనుక, ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ విచారించి ఇచ్చే కార్డు గుర్తింపునకు పనికివచ్చినా నివాసహక్కుకు హామీ ఇవ్వదు. అటువంటివారి ముఖం తెరకెక్కితే ప్రేక్షకుడిలో సానుభూతి కలగవచ్చు గాని, అదే ముఖం వెంటాడేవారికి ఆనవాలుగానూ, స్వదేశంలో మిగిలిన బంధువులకు ముప్పుగానూ మారవచ్చు.

రామాయణ యుద్ధకాండలో విభీషణుడు శరణు కోరి వచ్చినప్పుడు సుగ్రీవుడు అతణ్ణి శంకించాడు. రాముడు మాత్రం, వచ్చినవాడిలో దోషమున్నా సరే, శరణన్న ప్రాణికి అభయమివ్వడం తన వ్రతమన్నాడు. అభయమంటే భయం నుంచి విముక్తి. అది యోగ్యతను నిరూపించుకున్నాక దక్కే బహుమానం కాదు. ఫ్రెంచి తత్త్వవేత్త ఇమాన్యుయేల్ లెవినాస్ కూడా ఎదుటి మనిషి ముఖాన్ని కేవలం కంటికి కనబడే రూపంగా గాక, హింసించవద్దని ఆజ్ఞాపించే సన్నిధిగా భావించాడు.

సాక్ష్యం లేకపోతే లోకం అన్యాయాన్ని మరచిపోతుందన్న వాదంలో నిజముంది. చెప్పాలన్న తపన శరణార్థులకూ ఉంటుంది. అయితే అమీర్‌పేటలోని సారథీ స్టూడియోలో నటుడు వేషం తీసేసి ఇంటికి వెళ్లినట్లు, డాక్యుమెంటరీలో కనిపించినవాడు తన పాత్రను విడిచి వెళ్లలేడు. డెన్మార్క్ దర్శకుడు జోనాస్ పోహెర్ రాస్ముసెన్ 2021 నాటి ‘ఫ్లీ’ చిత్రంలో ఆఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చిన మిత్రుడికి మారుపేరు పెట్టి, అతని గతాన్ని యానిమేషన్‌లో, అంటే కదిలే బొమ్మల్లో చూపాడు; ముఖం దాచినందువల్ల సాక్ష్యం బలహీనపడలేదు, ఆ చిత్రం మూడు విభాగాల్లో ఆస్కార్ నామినేషన్లు పొందింది.

కాబట్టి దర్శకుడి తొలి బాధ్యత ప్రేక్షకుడి పట్ల కాదు, కెమెరా ముందు కూర్చున్నవాడి పట్ల. శరణార్థి సమ్మతి ఒక సంతకంతో ముగిసిపోరాదు. చిత్రం విడుదలయ్యే దాకా ఆ సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు అతనికి ఉండాలి. ముందు అభయం, ఆ తరువాతే కథ. ఈ క్రమం తలకిందులైన చిత్రం ఎంత కళాత్మకమైనా ధర్మసమ్మతం కాదు.