సంతకానికి రెండు వైపులా

సంతకం పెట్టినవాడు దానికి కట్టుబడాలి. ఇందులో ఎవరికీ పేచీ లేదు. కానీ చదవకుండా, చదివినా అర్థం కాకుండా, అర్థమైనా మార్చమని అడిగే వీలు లేకుండా పెట్టిన సంతకానికి కూడా కట్టుబడాలా? ఫోన్లో ‘ఐ అగ్రీ’ నొక్కి మర్చిపోయే మనకు ఇది పెద్ద ప్రశ్న అనిపించదు. మన నష్టం చాలాసార్లు చిన్నది. విత్తనాల అంగట్లో అదే సంతకం విలువ ఒక పంట.

మాది మైదుకూరు. కె.సి. కాలువ కింద వరి, పసుపు పండే నేల. ఇక్కడ విత్తనం కొంటే సంచి మీదో బిల్లు వెనకో సన్నటి అక్షరాలు కనిపిస్తాయి. విత్తనం ధరకు మించి మాకు బాధ్యత లేదనీ, తగవొస్తే ఫలానా నగరం కోర్టుకే రావాలనీ ఉంటుంది. మా పెదనాన్న అంటుంటాడు: “అంగడాయన ఇచ్చే చీటీ మనం సదవడానికి కాదు నాయనా. మనం తిరిగొచ్చినప్పుడు వాళ్లు మనకు సదివి వినిపించడానికి.”

ఈ తగవు మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టు దాకా పోయింది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేంద్ర ప్రభుత్వ కంపెనీ. దాని విత్తనాలు వేసి నష్టపోయిన ఆంధ్రప్రదేశ్ రైతులు వినియోగదారుల ఫోరంకు వెళ్లారు. కంపెనీ చాలా అభ్యంతరాలు చెప్పింది. ఒప్పందంలో మధ్యవర్తిత్వం షరతు ఉంది కాబట్టి ఫోరంకు రాకూడదంది. పండిన విత్తనాన్ని మేమే తిరిగి కొంటాం కాబట్టి ఇది వ్యాపారం, వీళ్లు వినియోగదారులే కాదంది. విత్తనాన్ని ల్యాబులో పరీక్షించలేదు కాబట్టి లోపం రుజువు కాలేదంది.

2012 జనవరిలో వచ్చిన తీర్పు ఇవేవీ ఒప్పుకోలేదు. మధ్యవర్తిత్వం ఒక దారి మాత్రమే, వినియోగదారుల చట్టం ఇంకో దారి, ఎంచుకునే హక్కు రైతుదే అంది. నాకు బాగా నచ్చింది పరీక్ష గురించి చెప్పిన సంగతి. కొన్న విత్తనమంతా రైతు చల్లేస్తాడు. రేపు కేసు పడుతుందేమోనని గుప్పెడు దాచిపెట్టుకోడు. పరీక్ష కావాలంటే కంపెనీయే అడిగి ఉండొచ్చు కదా అని కోర్టు గుర్తుచేసింది. నమ్మి వాడినవాడి దగ్గర సాక్ష్యం మిగలదు. ఆ నమ్మకాన్నే అతని మీద ప్రయోగించడం న్యాయం కాదు.

అయితే ఇద్దరి మధ్య తేడా ఒప్పందం కంటే ముందే మొదలవుతుంది. 1896లో లండన్‌లో సాలమన్ అనే బూట్ల వ్యాపారి కేసు తేలింది. భార్యాపిల్లల్ని వాటాదారులుగా పెట్టుకుని తన వ్యాపారాన్ని కంపెనీగా మార్చుకున్నాడు. అది మునిగింది. ఆ బాకీలు నువ్వే కట్టమంటే, కంపెనీ వేరు, ఆయన వేరు అంది హౌస్ ఆఫ్ లార్డ్స్. మన కంపెనీ చట్టమూ ఆ పునాది మీదే నిలబడింది. కంపెనీ మునిగితే వాటాదారుడు పెట్టిన సొమ్ము పోతుంది, ఇల్లు పోదు. మోసం జరిగినచోట కోర్టులు ఆ ముసుగు తీస్తాయి గానీ, అది అరుదు. రైతుకు అలాంటి ముసుగే లేదు. పంట పోతే అప్పు అతని పేరు మీదే ఉంటుంది, అతని పొలం దాకా వస్తుంది. ఒకే కాగితం మీద ఒకవైపు పరిమిత బాధ్యత, ఇంకోవైపు హద్దు లేని బాధ్యత సంతకం చేస్తున్నాయి.

అలాగని నచ్చని ఒప్పందాన్నల్లా కోర్టు చింపేయాలని నేననను. పసుపు ఫలానా ధరకు కొంటానని రాసిచ్చిన వ్యాపారి, ధర పడిపోగానే ‘నాకూ కష్టంగా ఉంది’ అంటే? అప్పుడు రైతు చేతిలో ఉండే ఆయుధం ఆ కాగితమే. ఒప్పందం బలహీనపడితే ముందు దెబ్బతినేది బలహీనుడే.

మరి గీత ఎక్కడ? 1986లో బ్రజోనాథ్ గంగూలీ కేసులో సుప్రీంకోర్టు ఒక కొలత ఇచ్చింది. బేరమాడే బలం ఇద్దరికీ సమానంగా లేనప్పుడు, బలహీనుడి మీద రుద్దిన అన్యాయమైన షరతును కోర్టు అమలు చేయదు. ఇద్దరూ వ్యాపారులై చేసుకున్న వాణిజ్య ఒప్పందాలకు మాత్రం ఇది వర్తించదని కూడా చెప్పింది. అంటే ‘నీకు నష్టమొచ్చిందా’ అన్నది అసలు ప్రశ్న కాదు. ‘నువ్వు కాదనగలిగేవాడివా’ అన్నదే ప్రశ్న. పసుపు వ్యాపారి కాదనగలడు. తొలకరి పడ్డాక విత్తనం కోసం నిలబడ్డవాడు కాదనలేడు.

2019 వినియోగదారుల చట్టం ‘అన్యాయమైన ఒప్పందం’ అనే మాటకు నిర్వచనమే ఇచ్చింది. కానీ ఆ ఫిర్యాదు జిల్లా కమిషన్‌లో చెల్లదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. మైదుకూరు రైతు కడపకు పోతే సరిపోదన్నమాట. హక్కును దగ్గరకు తెచ్చి తలుపును దూరంగా పెట్టారు.

ఇంతా చేసి, ఈ చర్చంతా చేతిలో బిల్లు ఉన్నవాళ్ల గురించే. అప్పు మీద విత్తనం తెచ్చుకునే కౌలురైతుకు చాలాసార్లు ఆ బిల్లూ ఉండదు. చదవలేని కాగితం నుంచి రైతును కాపాడటం కోర్టులు నేర్చుకున్నాయి. కాగితమే లేనివాణ్ణి ఏ షరతు నుంచి కాపాడాలి? అన్యాయమైన ఒప్పందం చెడ్డదే. కానీ దాన్ని అన్యాయమని చెప్పడానికైనా ముందు మనం అందులో ఒక పేరై ఉండాలి.