ఇంటి పద్దు పిల్లలకు తెలియవలెనా?

ఉద్యోగంమీద బ్రతికే మధ్యతరగతి ఇండ్లలో ఒక ఆచారం ఉన్నది. ఏ శాస్త్రమూ దానిని విధించలేదు; అయినా శాస్త్రవిధికంటె గట్టిగా పాటిస్తారు. భార్యాభర్తలు డబ్బు సంగతి మాట్లాడుకొనేటప్పుడు పిల్లవాడు గదిలోకి వస్తే మాట మారిపోతుంది. జీతమెంతో, అప్పెంతో, ఇల్లు కట్టుటకు తెచ్చిన ఋణానికి నెలనెలా చెల్లించేదెంతో, తాతగారి వైద్యానికి ఎవరివద్ద చేయి చాచవలసి వచ్చినదో, ఇవన్నీ పిల్లలకు తెలియరానివని పెద్దల అభిప్రాయం. "నీకెందుకురా, పోయి చదువుకో" అన్న ఒక్క మాటతో ఆ పాఠం ముగుస్తుంది. ఇందులో దురుద్దేశం లేదు. చిన్నతనం మళ్ళీ రాదు, అందులో లెక్కల బాధ ఎందుకన్న వాత్సల్యం ఉన్నది. లక్ష్మికి, సరస్వతికి పొత్తు కుదరదన్న పాత నమ్మకం ఉన్నది. ఒప్పుకొన్నా ఒప్పుకొనకపోయినా, కొంత సిగ్గుకూడ ఉన్నది.

పిల్లలకు ధనవ్యవహారం నేర్పవలెనన్న మాట ఈనాడు అన్ని నోళ్ళలోను వినిపిస్తున్నది. రిజర్వు బ్యాంకు అందుకోసం బొమ్మల పుస్తకాలు ప్రచురించినది. పదేండ్లు నిండిన పిల్లలు పొదుపు ఖాతాను స్వయంగా నడుపుకొనుటకు 2014లో బ్యాంకులకు అనుమతి ఇచ్చినది. ఇవన్నీ మేలే. చక్రవడ్డీ ఎట్లా పెరుగుతుందో తెలియని పట్టభద్రుడు ఏ దేశానికీ అలంకారం కాడు. కాని ఈ పాఠాలలోని ధనం ఎప్పుడూ ఎవరో ఒక రామునిది: రామునివద్ద వంద రూపాయలు ఉన్నవి, ఇరవై దాచినాడు, మిగిలిన దెంత? చదివే పిల్లవాని ఇంటిలో ఎంత ఉన్నదో, ఎంత లేదో ఆ పుస్తకానికి తెలియదు, పిల్లవానికీ తెలియదు. ముడి ఇక్కడే పడినది. ఇంటి పద్దును, దానిని మోయలేని వయస్సులో ఉన్నవారి ముందు విప్పుట న్యాయమా, కాదా?

వర్తకుల ఇండ్లలో ఈ ప్రశ్న పుట్టనే లేదు. ఉత్తర హిందూస్థానంలో మహాజనుల పిల్లవాడు అక్షరాలతోపాటు పావు, అర, ముప్పావు, ఒకటింబావు, ఒకటిన్నర ఎక్కాలుకూడ వల్లెవేసేవాడు. దుకాణంలో తండ్రి ప్రక్కన కూర్చుండి, ఎర్రగుడ్డ అట్ట వేసిన బహీలో జమ ఎక్కడ వ్రాస్తారో, ఖర్చు ఎక్కడ వ్రాస్తారో చూచేవాడు. తెలుగు వర్తకుల చిట్టా ఆవర్జాల సంప్రదాయంకూడ ఇట్టిదే. ఆ మహాజనులు వాడిన లిపిలో అచ్చుల గుర్తులు ఉండేవి కావు. "బాబు అజ్మేర్ గయే, బడీ బహీ భేజ్ దో", అనగా బాబుగారు అజ్మీరు వెళ్ళినారు, పెద్ద పద్దుపుస్తకం పంపండి అని వ్రాస్తే, అవతలివారు "బాబు ఆజ్ మర్ గయే, బడీ బహూ భేజ్ దో", అనగా బాబుగారు ఈనాడు చనిపోయినారు, పెద్ద కోడలిని పంపండి అని చదువుకొన్నారట. హిందీ ప్రాంతంలో ఈ కథ చెప్పుకొని ఇప్పటికీ నవ్వుతారు. అక్షరాలలో అంత ఉదారంగా ఉన్న ఆ వ్రాత అంకెలలో మాత్రం దమ్మిడీ తేడాను సహించేది కాదు.

అట్టి పెంపకంలో పెరిగినవాడు తప్పక ధనవంతుడు అవుతాడని చెప్పుటకు వీలులేదు. జౌన్‌పూరులో 1586లో ఒక జైన వర్తకుని ఇంట పుట్టిన బనారసీదాసు 1641లో ఆగ్రాలో 'అర్ధకథానకం' అన్న పేరుతో తన జీవితాన్ని పద్యాలలో వ్రాసినాడు. మనిషి పూర్ణాయువు 110 ఏండ్లని లెక్కవేసి, తనకు 55 నిండినవి కనుక ఇది సగం కథ అన్నాడు. ఆయుర్దాయానికి సైతం పద్దు వ్రాయుట వర్తకునికే తోచవలె! చిన్ననాడు అతడు గవ్వల బేరం చేసి వచ్చిన లాభం నాయనమ్మ చేతిలో పెట్టేవాడు. ఆమె ఆ తొలి సంపాదనతో మిఠాయి పంచినది. యౌవనంలో తండ్రి ఖడ్గసేనుడు రత్నాలు, నేయి, నూనె, జౌన్‌పూరు బట్టలు, అన్నీ కలిపి సుమారు రెండు వందల రూపాయల సరుకును పట్టీ వ్రాసి అప్పగించి, అతనిని ఆగ్రాకు పంపినాడు. ఆ సరుకు నిలువలేదు. కొంత నష్టానికి పోయినది, కొంత దారిలో జారిపోయినది, కొన్ని రత్నాలను ఎలుకలు ఎత్తుకొనిపోయినవి. చేతిలో పైసా లేక, సాయంకాలాలలో 'మధుమాలతి', 'మృగావతి' కావ్యాలు పదిమందికి చదివి వినిపిస్తూ కాలం గడిపినాడు. వినేవారిలో కచౌడీలు అమ్మేవాడొకడు ఉన్నాడు. అతనివద్ద ఆరేడు నెలలు అరువుకు తిన్నాడు. ఒకనాడు అతనిని ఏకాంతంలో పిలిచి, తనవద్ద ఏమీ లేదనీ, ఇక అరువు పెట్టవద్దనీ ఉన్నమాట చెప్పినాడు. అతడు, ఇరవై రూపాయలదాకా తిను, నిన్ను అడిగేవారు లేరు అన్నాడు. చివరకు లెక్క చూస్తే పధ్నాలుగు రూపాయలు తేలినది. చేయి ఆడిన తరువాత బనారసీదాసు అది తీర్చినాడు.

పట్టీ వ్రాసి ఇచ్చిన తండ్రి పెంపకం కుమారుని నష్టంనుంచి కాపాడలేదు. మరి అది చేసిన మేలేమి? నష్టాన్ని నోటితో చెప్పే శక్తిని ఇచ్చినది. ఏ సరుకు ఎంతకు పోయినదో, ఎవరికి ఎంత బాకీయో అతడు అప్పిచ్చినవానికి చెప్పగలిగినాడు, ముప్పై ఏండ్ల తరువాత లోకానికీ చెప్పగలిగినాడు. లెక్క వ్రాసే ఇంటిలో నష్టం ఒక అంకె. లెక్క దాచే ఇంటిలో అది పరువుకు తగిలిన దెబ్బ. ఈ రెంటికి గల దూరంలోనే ఎందరో యువకుల బ్రతుకు చిక్కుకొని ఉన్నది.

వర్తకకులంలోనే పుట్టి, దివాను ఇంట పెరిగిన మరొక బాలుని విషయం చూడవచ్చును. మోహన్‌దాస్ గాంధీకి పదిహేనేండ్లప్పుడు అతని అన్న సుమారు ఇరవై అయిదు రూపాయల అప్పులో పడినాడు. ఎట్లా తీర్చడమా అని ఇద్దరూ ఆలోచించినారు. అన్న చేతికి మేలిమి బంగారు కడియం ఉన్నది. దానిలోనుంచి ఒక చిన్న ముక్క కత్తిరించుట కష్టం కాలేదు; అప్పు తీరినది. సంస్థానపు లెక్కలు చూచే తండ్రి ఇంటిలోనే ఉన్నాడు, అయినా ఇరవై అయిదు రూపాయల సంగతి ఆయనవద్దకు ముందుగా పోలేదు. తరువాత మోహన్‌దాస్ ఒక చీటీ వ్రాసి, జబ్బుతో పడుకొని ఉన్న తండ్రి చేతికిచ్చినాడు. తండ్రి లేచి కూర్చుండి చదివినాడు, కన్నీరు కార్చినాడు, చీటీ చించివేసినాడు. తండ్రి కొడతాడన్న భయం తనకు లేదనీ, ఆయన నొచ్చుకొంటాడన్నదే తన భయమనీ గాంధీ ఆత్మకథలో వ్రాసినాడు.

ఆ చీటీని పశ్చాత్తాపానికి ఉదాహరణగా చెప్పుకొంటారు. అది సరియైనదే. కాని దానిని ఒక పద్దుగాకూడ చదువవచ్చును. అప్పు ఎంత, దేనితో తీరినది, ఎవరి సొత్తు ఎంత తరిగినది అన్నది అందులో మొదటిసారి వెలుగు చూచినది. 1888లో లండను వెళ్ళిన తరువాత అదే యువకుడు బస్సు ఛార్జీ, తపాలా బిళ్ళ, వార్తాపత్రిక కొన్న కానీలతో సహా వ్రాసి, ప్రతిరాత్రి నిలువ సరిచూచుకొని నిద్రించేవాడు. లక్షల ప్రజాధనం తన చేతిమీదుగా నడిచిన రోజులలో ఆ అలవాటే ఉపకరించినదని ఆయన చెప్పినాడు. చరిత్రకారులు దీనిని మితవ్యయం అంటారు. చీటీ వ్రాసిన చేతికి, నిలువ సరిచూచిన చేతికి మధ్య ఉన్న సంబంధాన్ని అంతగా పట్టించుకొనరు.

ఆ కాలంలో ఇరవై అయిదు రూపాయలు అప్పు చేయవలెనంటే ఒక మనిషి ముఖం చూడవలసి వచ్చేది. నేడు ఆ ముఖం లేదు. 2016లో యూపీఐ ప్రారంభమైన తరువాత టీ దుకాణంనుంచి బంగారపు అంగడిదాకా ధనం ఒక వేలి స్పర్శతో కదులుతున్నది. సౌకర్యం గొప్పదే, చిల్లర లేదన్న తగవు తీరిపోయినది. అయితే జేబు తేలికయ్యే అనుభవంకూడ దానితోనే పోయినది. మట్టి హుండీని ఊపితే నాణెముల చప్పుడునుబట్టి పిల్లకు తన ఆస్తి ఎంతో తెలిసేది. ఫోనును ఎంత ఊపినా చప్పుడు రాదు.

2020 చివరి నెలలలో తెలంగాణలో బయటపడిన అప్పు యాప్‌ల వ్యవహారం తెలుగువారు మరచిపోలేరు. అయిదు వేలు అప్పని వ్రాసి, రుసుముల పేరిట పదిహేను వందలు ముందే కోసుకొని, మూడున్నర వేలు చేతికిచ్చి, ఏడు దినాలకు అయిదు వేలు రాబట్టే పద్ధతి అది. నూటికి వారానికి సుమారు 43 రూపాయల వడ్డీ. గడువు దాటితే అప్పు తీసుకొన్నవాని ఫోనులోని పేర్లన్నిటికి సందేశాలు పోయేవి: ఇతడు మోసగాడు, ఇతడు దొంగ. కొందరు ప్రాణాలు తీసుకొన్నారు. అప్పు మొత్తాలు పెద్దవి కావు. ఇంటిలో చెప్పగలిగి ఉంటే పలువురి విషయంలో తీరేవే. ఆ వ్యాపారుల అసలు పెట్టుబడి డబ్బు కాదు, తండ్రికి తెలిస్తే ఎట్లా అన్న ఆ యువకుల భయం.

అంకెలుకూడ ఈ మౌనాన్నే సూచిస్తున్నవి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు సంవత్సరాలలో షేర్ మార్కెట్టు ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యవహారాలు చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయినారనీ, వారి నష్టాల మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలు మించినదనీ సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించినది. 2023-24లో అట్టివారిలో నూటికి 43 మంది ముప్పై ఏండ్లలోపువారు. వరుసగా రెండు సంవత్సరాలు నష్టపోయికూడ నూటికి 75 మందికి పైగా ఆ పని మానలేదు. పోయినదానిని ఎవరికీ తెలియకముందే రాబట్టుకోవలెనన్న తొందర జూదరికి కొత్త కాదు, ధర్మరాజుకే తప్పలేదు.

తప్పంతా యువకులమీద మోపుట మాత్రం అన్యాయం. వల పన్నినవానిని విడిచి, చేపకు ఈత పాఠం చెప్పినట్లవుతుంది. అప్పు సొమ్ము నేరుగా తీసుకొన్నవాని ఖాతాలోనే పడవలెనని, యాప్‌లు ఫోనులోని పేర్ల పట్టికను తాకరాదని 2022లో రిజర్వు బ్యాంకు శాసించినది. డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసినది. అవి రాజ్యం చేయవలసిన పనులు. ఇల్లు చేయవలసినది వేరే ఉన్నది.

ఇక్కడ ప్రేమ్‌చంద్ అడ్డు నిలుస్తాడు. 1933లో వెలువడిన 'ఈద్‌గాహ్' కథలో హామిద్‌వద్ద ఉన్నవి మూడు పైసలు. ఆనాడు రూపాయికి 64 పైసలు. తోటివారిలో మహమూద్‌వద్ద పన్నెండు, మొహసిన్‌వద్ద పదిహేను. వారు తిరునాళ్ళలో బొమ్మలు, మిఠాయిలు కొంటే, హామిద్ ఆరు పైసల పట్టకారును బేరమాడి మూడు పైసలకు కొని తెస్తాడు. రొట్టెలు కాల్చేటప్పుడు ముసలి నాయనమ్మ వ్రేళ్ళు పెనంమీద కాలుతున్నవి కాబట్టి. అమీనా మొదట కోపగిస్తుంది, తరువాత చంటిపిల్లవలె ఏడుస్తుంది. చదివినవారందరూ హామిద్‌ను మెచ్చుకొంటారు. కాని నాలుగైదేండ్ల పిల్లవాడు పెద్దవాడై, పెద్దామె చిన్నపిల్ల అయిన ఆ ముగింపు సంతోషించవలసినదేనా? పద్దు విప్పితే ప్రతి ఇంటిలోను బొమ్మ అడుగని హామిద్‌లు తయారవుతారు కదా అని తల్లి భయపడితే, ఆ భయం తేలికగా తోసివేయదగినది కాదు.

కథను మరొకసారి చూస్తే ఒక విశేషం కనబడుతుంది. అమీనా మనుమనికి ఏ లెక్కా చూపలేదు. పైగా, తండ్రి డబ్బు సంపాదించుటకు పోయినాడనీ, తల్లి అల్లా ఇంటినుంచి మంచి వస్తువులు తెచ్చుటకు పోయినదనీ చెప్పి, వారి మరణాన్నే దాచినది. అంత దాచినా కాలిన వ్రేళ్ళను దాచలేకపోయినది. పేదరికం తన పద్దు తానే చదివి వినిపిస్తుంది. పిల్లలనుంచి లెక్క దాచగల సౌకర్యం కొద్దో గొప్పో ఉన్న ఇండ్లకే కలదు. కాబట్టి ఈ ప్రశ్నకూడ వారిదే.

అట్టి ఇండ్లలో తెలియజేయుట వేరు, మోయించుట వేరు. "నీ చదువుకోసం ఇంత అప్పు చేసినాను, జ్ఞాపకముంచుకో" అన్న తండ్రి పద్దు చూపుటలేదు, దస్తావేజు వ్రాయించుకొంటున్నాడు. పద్దు చూపుట దీనికంటె చాల సామాన్యమైన పని. ఇల్లు కట్టుటకు నూటికి 9 వడ్డీతో ఇరవై ఏండ్లకు 25 లక్షల ఋణం తెచ్చినారనుకొందాము. నెలకు 22,493 రూపాయలు చెల్లించవలె. పద్నాలుగేండ్ల పిల్ల చేతికి కాగితం, పెన్సిలు ఇస్తే మొదటి నెల వడ్డీయే 18,750 అని తేల్చగలదు. అసలులో తరిగినది 3,743 మాత్రమే. ఇరవై ఏండ్లలో కట్టేది సుమారు 54 లక్షలని తెలిసినప్పుడు ఆ పిల్ల "అట్లయితే ఎందుకు తీసుకొన్నారు?" అని తప్పక అడుగుతుంది. తండ్రికి కష్టం కలిగించేది ఈ ప్రశ్నే. అద్దె ఎంత ఉండేదో, స్థలం ధర ఎట్లా పెరుగుతూ వచ్చినదో అతడు చెప్పవలసి వస్తుంది. ఒకచోట తాను పొరబడినానని చెప్పవలసి వచ్చినా రావచ్చును. పెద్దవాడు తన నష్టాన్ని మామూలు గొంతుతో చెప్పగా విన్న పిల్ల, పదేండ్ల తరువాత తన నష్టాన్ని చెప్పుటకు ఆ గొంతు అరువు తెచ్చుకొంటుంది. ఏ బొమ్మల పుస్తకమూ ఈ పని చేయలేదు.

ఒక చిక్కు మాత్రం మిగిలి ఉన్నది. దాచిన ప్రతి లెక్కా భయంవల్ల దాచినది కాదు. తెలుగు ఇండ్ల పోపులపెట్టెలో, హిందీ ప్రాంతపు ఇండ్ల పిండి డబ్బాలో స్త్రీలు దాచుకొన్న నోట్లు తరతరాలుగా వారికి ఏకైక ఆశ్రయం. త్రాగుబోతు భర్తకు తెలియకుండా కూతురి ఫీజుకు ఉంచిన డబ్బును ఇంటి పద్దులో వ్రాయమనుట ఎవరి న్యాయం? 2016 నవంబరు 8 రాత్రి అయిదు వందల, వెయ్యి రూపాయల నోట్లు చెల్లవని ప్రకటించినప్పుడు ఆ డబ్బాలన్నీ తెరువవలసి వచ్చినది. కొన్ని ఇండ్లలో భర్తలు నవ్వినారు, మరికొన్నిటిలో నోట్లు లాగుకొన్నారు. పద్దు పిల్లల ముందు విప్పుటకు పూర్వం దానిని భార్యాభర్తలు సమానంగా వ్రాసి ఉండవలె. అట్లా లేని ఇంటిలో తల్లి తన డబ్బా మూత తీయకపోవుటే మంచిది. కూతురికి మాత్రం అది ఎక్కడ ఉన్నదో చెప్పి ఉంచవచ్చును.