బీజం, క్షేత్రం, రసం

ఒక దంపతుల పిండాన్ని మరొక స్త్రీ తన గర్భంలో నిలుపుకొని, నవమాసాలు మోసి, కని వారికి అప్పగించే పద్ధతికి సరోగసీ అని పేరు. తెలుగు వ్యవహారంలో మాత్రం దానికి స్థిరపడిన మాట ‘అద్దె గర్భం’. ఈ మాటలోని అద్దెనే భారత చట్టం నేరంగా పరిగణించింది. 2022 జనవరి 25న అమలులోకి వచ్చిన సరోగసీ నియంత్రణ చట్టం ప్రకారం మోసిన స్త్రీకి వైద్య ఖర్చులు, బీమా వంటివి తప్ప ప్రతిఫలం ముట్టరాదు. వ్యాపార సరోగసీ నడిపినవారికి పదేళ్ల వరకు జైలుశిక్ష, 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడతాయి. అంటే చట్టం దీనిని దానంగానే చూస్తున్నది. దానం గురించి మన ధర్మగ్రంథాలు చెప్పిన నియమాలలో ముఖ్యమైనది పుచ్చుకునేవాని పాత్రత, అనగా ఆ దానానికి అతడు తగినవాడా కాదా అన్న విచారణ. సరోగసీలో ఆ విచారణ తలకిందులైంది. బిడ్డను కోరే దంపతులకూ వయోపరిమితులు, ధ్రువపత్రాలు ఉన్న మాట నిజమే గాని, రక్తం నుంచి మనసు దాకా శోధించే పరీక్ష దాతకే. పాత్ర అనే సంస్కృత పదానికి యోగ్యుడని, గిన్నె అని రెండర్థాలు ఉన్నాయి. ఆమెను ఏ అర్థంలో పరీక్షిస్తున్నారన్నదే ఇక్కడి ప్రశ్న.

ఆ పరీక్ష స్వరూపం ఇది. ఆమె ఒకసారైనా వివాహమైనదై, సొంత బిడ్డ కలదై, పిండాన్ని గర్భంలో ప్రవేశపెట్టే నాటికి 25, 35 ఏళ్ల మధ్య వయసులో ఉండాలి. తన అండాన్ని ఇవ్వరాదు. జీవితంలో ఒక్కసారి మాత్రమే, అదీ మూడు ప్రయత్నాలకు మించకుండా, ఈ పనికి పూనుకోవాలి. శారీరకంగా, మానసికంగా తగినదని వైద్యుని ధ్రువపత్రం పొందాలి. ఆ పత్రం ఇచ్చే ముందు వైద్యులు రక్తహీనత, బీపీ, షుగరు, థైరాయిడు చూస్తారు. హెచ్‌ఐవీ, హెపటైటిస్, సిఫిలిస్ పరీక్షలు చేయిస్తారు. గత కాన్పులు ఎలా జరిగాయో, సిజేరియన్లు ఎన్నో అడుగుతారు. మద్యం, పొగాకు మానాలంటారు. వేళకు తిండి, చాలినంత నిద్ర, ఇంట్లో ప్రశాంతత ఉండాలంటారు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతపు బతుకుల పక్కన పెట్టి చూస్తే ఈ జాబితా వేరుగా కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో పునరుత్పత్తి వయసు స్త్రీలలో సగానికి మించి రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి; రోజంతా కూర్చుని చింతపండు గింజ తీసే ఆమెకో, గుంట మగ్గంలో కాళ్లు దించి నేసే ఆమెకో, వక్కాకుతో పాటు కాస్త పొగాకు దవడన పెట్టుకోవడం ఆకలిని, అలసటను మరిపించే ఉపాయం. మరొక విశేషం ఉంది. ఈ రాష్ట్రంలో చాలామంది స్త్రీలు పాతికేళ్ల ప్రాంతానికే ఇద్దరు బిడ్డలను కని కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుంటారు. ఆ ఆపరేషన్‌లో బీజవాహికలను మూసివేస్తారు గాని గర్భసంచిని ముట్టరు. కనుక తనకు ఇక బిడ్డలు వద్దనుకున్న వయసుకే ఆమె పరుల బిడ్డను మోయడానికి చట్టరీత్యా అర్హురాలవుతుంది. ఈ వైచిత్రిని గురించి చట్టసభల చర్చల్లో కంటే నేత వీధుల అరుగుల మీద ఎక్కువ మాట్లాడుకోవలసి ఉంది.

బిడ్డ ఎవరిదన్న విచారణ కొత్తది కాదు. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం దీనిని బీజానికీ క్షేత్రానికీ, అనగా విత్తనానికీ పొలానికీ, నడిచే వివాదంగా నిలిపింది. పరుని పొలంలో పడ్డ విత్తు పండితే పంట పొలం గలవానిదే, ఎవరి ఎద్దు వల్ల చూలు కట్టినా దూడ ఆవు గలవానిదే. ముందే ఒప్పందం ఉంటే మాత్రం ఇద్దరికీ భాగం ఉంటుందని ఆ అధ్యాయం తేల్చింది. నేటి చట్టం దీనికి సరిగ్గా ఎదురు దిక్కున నిలిచి, పుట్టిన బిడ్డను కోరుకున్న దంపతుల సొంత బిడ్డగానే భావించాలంటుంది. పట్టుచీరలు నేసే ధర్మవరం వారికి ఈ తర్కం సుపరిచితమే. పడుగు, పేక, జరీ, డిజైను అన్నీ యజమానివి. కూలి మగ్గం మీద నేసినవానికి చీర మీద హక్కు లేదు. కాని నేతగానికి కూలి ఉంది, ఇక్కడ కూలి తీసుకోవడమే నేరం. పైగా పట్టుపోగు నేతగాని నెత్తురు తాగి పెరగదు. ఆ మాటకొస్తే మనువు పోలికలోనూ అదే లోపం ఉంది. అక్కడ పొలం మాట్లాడదు. క్షేత్రమంటే స్త్రీ, వాదించుకునేది మాత్రం ఆమె మీద హక్కు చెప్పుకునే పురుషులు.

ఆయుర్వేదం ఈ ఇరుకు దాటి వెళ్లింది. చరకసంహిత శారీరస్థానం గర్భం ఆరు మూలాల నుంచి ఏర్పడుతుందని చెబుతుంది: మాతృజం, పితృజం, ఆత్మజం, సాత్మ్యజం, రసజం, సత్త్వజం. తల్లి వల్ల, తండ్రి వల్ల, జీవాత్మ వల్ల వచ్చేవి మొదటి మూడు. ఒంటికి అలవడి సరిపడిన ఆహారవిహారాల వల్ల వచ్చేది సాత్మ్యజం, తిన్న అన్నం రసమై పోషించగా వచ్చేది రసజం, మనసు వల్ల వచ్చేది సత్త్వజం. అండం గలామె, కడుపు గలామె వేరువేరుగా ఉండగలరని చరకుడు ఊహించలేదు. 1978లో శరీరం వెలుపల ఫలదీకరణ సఫలమయ్యాక ఆ చీలిక వచ్చింది. వచ్చాక ఈ ఆరింటిని పంచితే, రసజ సాత్మ్యజాలు మోసిన ఆమె ఖాతాలో పడక తప్పదు. బిడ్డ ఎదుగుదల, పుష్టి, ఆరోగ్యం వీటివల్లనే అని సంహిత మాట. ఆమె సంగటి తిన్నదా, పొగాకు మానిందా, రాత్రి నిద్ర పోయిందా అని వైద్యుడు అడిగిన ప్రతిసారీ, ఆమె ఖాళీ పొలం కాదని, బిడ్డ ఆమె వల్ల కూడా తయారవుతున్నదని ఒప్పుకుంటూనే ఉన్నాడు. కాగితాలే ఒప్పుకోవడం లేదు. గర్భస్థ శిశువు కణాలు కొన్ని కాన్పైన దశాబ్దాల తరవాత కూడా మోసిన స్త్రీ రక్తంలో దొరుకుతాయని ఆధునిక వైద్యం చెబుతున్నది. ఆ కణాలను ఏ ఒప్పందమూ వెనక్కి అప్పగించలేదు.

చూలాలికి రెండు హృదయాలని, ఆమె కోరే కోరిక లోపలి బిడ్డదేనని, దానిని తీర్చకపోతే బిడ్డకు కీడని ఆయుర్వేదం చెబుతుంది. ఈ స్థితికి దౌహృదం అని పేరు. పరుల బిడ్డను మోసే ఆమెకు నాలుగో నెలలో పుల్లమామిడి మీద మనసైతే అడగవలసింది ఎవరిని? దంపతులు పంపిన పథ్యపు పట్టికలో అది లేకపోతే ఎవరి కోరిక నెగ్గాలి? పట్టిక వేసేవారు సంరక్షణే అనుకోవచ్చు. కాని రెండో హృదయం కోసం మొదటి హృదయాన్ని కాపలా కాయడం సంరక్షణకు చాలా దూరం.

ఒకరి పిండాన్ని మరొకరు మోయడానికి భాగవతంలో ఒక ఉదాహరణ ఉంది. దేవకి ఏడో గర్భాన్ని యోగమాయ లాగి గోకులంలోని రోహిణి కడుపులో నిలిపింది. అందువల్ల బలరాముడు సంకర్షణుడయ్యాడు, రౌహిణేయుడని కూడా పేరు పొందాడు. కవులు, పౌరాణికులు మోసిన తల్లి పేరుతోనే అతనిని పిలిచారు. అయితే రోహిణి కన్న బిడ్డను తానే పెంచుకున్నది కనుక ఈ పోలిక చివరిదాకా నడవదు. శ్వేతాంబర జైనుల కల్పసూత్రంలో మహావీరుని పిండం దేవానంద గర్భం నుంచి త్రిశల గర్భానికి మారిన కథ ఉంది. దక్షిణాదిలో ప్రబలిన దిగంబర సంప్రదాయం దానిని అంగీకరించదు కాబట్టి పెనుకొండ జైనానికి అది తన కథ కాదు.

ఆచారం దగ్గరికి వస్తే చిక్కు మరింత ముడిపడుతుంది. సీమంతంలో గాజులు తొడిగించుకుని ఒడి నింపించుకోవలసింది ఎవరు? పురుడు దంపతుల దాయాదులు పడతారు సరే. కని, పచ్చి ఒంటితో పడుకున్న బాలింతకు కాయం పెట్టేది, నీళ్లు పోసేది ఎవరు? కాన్పు తరవాతి చిక్కులకు 36 నెలల బీమా ఉండాలని చట్టం అన్నది. పథ్యం వండిపెట్టే చేతిని గురించి ఏమీ అనలేదు. మూడో నాటికి రొమ్ములు గట్టిపడి పాలు పడతాయి, బిడ్డ ఎక్కడున్నా.

ఆ పాల విషయంలో ఇస్లామీయ ధర్మశాస్త్రం అందరికంటే ఖచ్చితంగా ఉంది. మక్కాలోని ఫిఖ్ మండలి 1984లో ఒకే భర్తకు చెందిన భార్యల మధ్య సరోగసీని అనుమతించి, 1985లో ఆ అనుమతిని వెనక్కి తీసుకున్నది. కన్న స్త్రీయే తల్లి అనే ఖురాన్ భావం ఆధారంగా మోసిన ఆమెనే తల్లిగా లెక్కించే పండితులు ఉన్నారు, అండం గలామెనే తల్లి అనేవారూ ఉన్నారు. అయితే పెనుకొండ బాబయ్య దర్గాకు మొక్కుకునే హిందువులకు పెద్దగా తెలియని నియమం ఒకటుంది: పాలిచ్చిన స్త్రీ పాలతల్లి అవుతుంది, ఆమె పిల్లలు ఆ బిడ్డకు తోబుట్టువులవుతారు, వారి మధ్య వివాహం నిషిద్ధం. హనఫీ శాఖలో దానికి ఒక్కసారి తాగినా చాలు. మోసినంత మాత్రాన ఆమెకు బంధం లేదని వాదించేవారు సైతం, ఆసుపత్రి గదిలో ఆ గుక్కెడు పాలు తాగిన బిడ్డకు ఆమె కూతురినిచ్చి నిఖా జరిపించలేరు.