ముద్ర రాజుది, రాళ్లు ఎవరివి?



పేదప్రజలను ఏలే దుష్టపాలకుణ్ణి సామెతల గ్రంథం 28వ అధ్యాయం గర్జించే సింహంతోనూ, మీదపడే ఎలుగుబంటితోనూ పోల్చింది. అయితే సింహం తన పంజాతోనే వేటాడుతుంది. పాలకుడు ఇతరుల చేతులతో వేటాడతాడు. మరి ఆ చేతులకు పాపం అంటుతుందా, అంటదా?

రాజుల మొదటి గ్రంథం 21వ అధ్యాయంలోని నాబోతు కథ మీకు తెలిసిందే. యెస్రెయేలులో అతని ద్రాక్షతోట మీద ఆహాబు రాజు కన్ను పడింది. పితరుల స్వాస్థ్యాన్ని ఇవ్వనన్నాడు నాబోతు. యెసెబెలు రాణి రాజు పేరిట జాబులు వ్రాసి, రాజముద్ర వేసి, ఊరి పెద్దలకు పంపింది. ఉపవాసం చాటించింది ఆ పెద్దలే. కూటసాక్ష్యం పలికింది ఇద్దరు దుర్మార్గులు. నాబోతును ఊరి వెలుపలికి తీసుకుపోయి రాళ్లతో కొట్టి చంపారు. రాజుగాని, రాణిగాని ఒక్క రాయి కూడా విసరలేదు. "పైనుంచి ఉత్తరువు వచ్చింది, మేమేం చేస్తాం?" అని ఆ పెద్దలు సరిపెట్టుకొని ఉండవచ్చు.

ఐగుప్తులో షిఫ్రా, పూయా అనే మంత్రసానులకూ ఉత్తరువే వచ్చింది. హెబ్రీయుల మగబిడ్డలను పుట్టగానే చంపమన్నాడు ఫరో. వారికి సైన్యం లేదు, పలుకుబడి లేదు. దైవభయం ఉంది. బిడ్డలను బ్రతకనిచ్చారు. నిర్గమకాండం ఆ ఫరో పేరైనా చెప్పదు. మంత్రసానుల పేర్లు మాత్రం వ్రాసి ఉంచింది.

అన్యాయపు చట్టం చట్టం కంటే దౌర్జన్యానికే దగ్గర అన్నారు పునీత తోమాసు అక్వినాసు. మన హక్కుకు మాత్రమే నష్టమైతే, అల్లర్లు రాకుండా ఒక్కోసారి ఓర్చుకోవచ్చు. దైవాజ్ఞకు విరుద్ధమైనదాన్ని మాత్రం పాటించనే కూడదు. మన తోటను మనం వదులుకోవచ్చు; పొరుగువాని ప్రాణాన్ని అప్పగించే హక్కు మనకు లేదు.

1980 మార్చి 23న ఎల్ సాల్వడోరు సైనికులకు అగ్రపీఠాధిపతి ఆస్కార్ రొమేరో చెప్పింది ఇదే. మర్నాడు దివ్యబలిపూజలో ఆయనను కాల్చి చంపారు. 2018లో శ్రీసభ ఆయనను పునీతునిగా ప్రకటించింది.

"పిల్లలున్నవాళ్లం ఫాదర్, ఉద్యోగం పోతే ఎలా?" అని మీరడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. భయం వల్ల మనిషి దోషం తగ్గవచ్చునని శ్రీసభ బోధిస్తుంది. అంతమాత్రాన తప్పు ఒప్పు కాదు. అందుకే భయపడేవానిని ఒంటరిగా వదలకూడదు. కూలివాని మీద అబద్ధపు కేసుకు సాక్ష్యం చెప్పనన్నవానికి, వితంతువు స్థలాన్ని కాజేసే కాగితం మీద సంతకం పెట్టనన్నవానికి ఇబ్బంది వస్తే విచారణ అంతా అండగా నిలవాలి.

అధికారుల మీద తీర్పు కఠినంగా ఉంటుందని జ్ఞానగ్రంథం 6వ అధ్యాయం హెచ్చరిస్తోంది. ఆ తీర్పు దేవునిది. మన చేతికి వచ్చిన జాబుకు జవాబు మాత్రం మనమే చెప్పుకోవాలి.