శ్రీకాకుళంలో మొదలైన నిరీక్షణ

దేవుడు మాట తప్పడన్న నమ్మకానికి తెలుగు నేల మీద పెద్ద పరీక్ష అమెరికన్ బాప్టిస్టు మిషన్. 1836లో వచ్చిన శామ్యూల్ డే మొదట విశాఖపట్నం, శ్రీకాకుళాల్లో ఉండి, 1840లో నెల్లూరు చేరారు. ఏళ్లు గడిచినా విశ్వాసులు కొద్దిమందే; మిషన్‌ను మూసేద్దామని అమెరికాలో పలుమార్లు చర్చ జరిగింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యువెట్ దంపతులు, కొందరు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. 1866లో జాన్ క్లౌ మిషనరీగా ఆ ఊరికి వచ్చారు.

1876-78 కరవులో, తిండి కోసం ఎవరూ మతంలో చేరకూడదని క్లౌ బాప్తిస్మాలు ఆపేశారు. అన్నిటికన్నా కష్టమైన ఓర్పు ఇదే: కోరుకున్నది గుమ్మంలో నిలబడినా తొందరపడలేదు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. శామ్యూల్ డే 1871లోనే కన్నుమూశారు.